ఓడిన దేశపు ఆకాశం ఎవరిది?

జువ్వలదిన్నె నుండి తీరం వెంబడి దక్షిణానికి పోతే కృష్ణపట్నం రేవు, దానికి దిగువన పులికాట్ సరస్సు, ఆ సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట దీవి వస్తాయి. 1971 అక్టోబరులో అక్కడ నుండి మొదటి చిన్న రాకెట్టును ప్రయోగించారు. అప్పటి నుండి ప్రయోగం జరిగిన ప్రతిసారీ ఆ చుట్టుపట్ల పడవలు సముద్రం మీదికి పోరాదని కబురు వస్తుంది. విమానాలకు ఆ దారి కొన్ని గంటలపాటు మూతపడుతుంది. వేట మానుకున్న పూట సంపాదన పోయిందన్న బాధ మత్స్యకారునికి ఉంటుందే గాని, ఈ మూసే హక్కు వీరికెక్కడిదని అతడు అడగడు. అడగనక్కర లేదు కూడా. దేశం తన ఆకాశాన్ని తాను మూసుకొంటున్నది. 1944 డిసెంబరు 7న చికాగోలో కుదిరిన పౌర విమానయాన ఒడంబడికలోని మొదటి అధికరణమే, ప్రతి రాజ్యానికీ తన నేల మీది ఆకాశంపై ఇతరులకు వాటా లేని సంపూర్ణ అధికారం ఉన్నదని అంగీకరించింది. సైనిక అవసరం వల్లనో ప్రజల భద్రత కోసమో కొంత ప్రాంతాన్ని మూయవచ్చునని తొమ్మిదవ అధికరణం చెబుతుంది. తీరం నుండి 12 నాటికల్ మైళ్ళు దాటిన తరువాత ఆ అధికారం కూడా లేదు. అక్కడ ప్రభుత్వం ఓడలకూ విమానాలకూ హెచ్చరిక చేయగలదు గాని ఆజ్ఞ ఇవ్వలేదు.

హెచ్చరికకూ ఆజ్ఞకూ, తన ఆకాశానికీ పరుల ఆకాశానికీ గల ఈ భేదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. యుద్ధంలో ఓడిన ఒక దేశపు ఆకాశాన్ని గెలిచినవారు మూయవచ్చునా, మూస్తే ఏ ఆధారంతో మూయాలి అన్నదే ఇక్కడ మన చర్చ. 1991 నుండి 2003 వరకు పన్నెండేళ్ళ పాటు ఇరాక్ ఆకాశం ఈ ప్రశ్నకు లోనై ఉన్నది. మన తెలుగు నేల మీద ఇదే ప్రశ్న మరొక రూపంలో 1948లో హైదరాబాదు సంస్థానం విషయంలో తలెత్తింది. ముందు దగ్గరి విషయాన్నే చూద్దాము.

హైదరాబాదు సంస్థానం వైశాల్యంలో 82 వేల చదరపు మైళ్ళకు పైబడినది. కాని దానికి సముద్రం లేదు. ఉత్తర సర్కారులు పద్ధెనిమిదవ శతాబ్దిలోనే నిజాము చేయి దాటి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. మన నెల్లూరు తీరం ఆర్కాటు నవాబుల నుండి 1801లో కంపెనీ వశమైనది. కనుక 1947 ఆగస్టులో బ్రిటిష్ వారు వెళ్ళిపోయేనాటికి హైదరాబాదుకు నాలుగు దిక్కులా భారతదేశపు నేలే ఉన్నది. రైలు, రోడ్డు, తంతి అన్నీ ఆ నేల మీదుగా రావలసినవే. మిగిలినది ఆకాశం. ఆ ఆకాశం కూడా సంస్థానపు సరిహద్దు వరకే దానిది. సరిహద్దు దాటిన మరుక్షణం అది భారతదేశపు ఆకాశం. అటువంటి రాజ్యం మీద ఎవరూ విమాన నిషేధం ప్రకటించవలసిన పని లేదు. చుట్టూ ఉన్నవారు తమ ఆకాశాన్ని తాము మూసుకొంటే సరిపోతుంది.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ యథాతథ ఒప్పందం కుదిరింది. గడువు ఒక సంవత్సరం. అంతకు ముందు బ్రిటిష్ చక్రవర్తికీ నిజాముకూ మధ్య రక్షణ, విదేశ వ్యవహారాలు, రవాణా మొదలైన ఉమ్మడి విషయాలలో ఉన్న ఏర్పాట్లన్నీ ఇక మీదట భారతదేశంతో కొనసాగుతాయని అందులోని సారాంశం. వివాదం వస్తే ఇరుపక్షాలూ చెరొక మధ్యవర్తిని నియమించుకోవాలని, వారిపైన ఒక తీర్పరి ఉండాలని కూడా అందులో వ్రాసుకొన్నారు. ఆ అధికరణాన్ని ఎవరూ వాడుకోలేదు. హైదరాబాదు ప్రభుత్వం పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల మేరకు రుణం ఇచ్చింది; భారతదేశపు నాణెం చెలామణిని కట్టడి చేసింది. భారతదేశం ఆయుధాల సరఫరాను నిలిపివేసింది. సరుకులు రాకుండా దిగ్బంధం జరుగుతున్నదని హైదరాబాదు ఫిర్యాదు చేసింది. అటువంటి దిగ్బంధాన్ని ప్రభుత్వం ప్రకటించలేదని ఢిల్లీ బదులిచ్చింది. ఒప్పందాన్ని తప్పినది మీరంటే మీరని రెండు పక్షాలూ వాదించుకొన్నాయి.

ఈ దశలో ఆస్ట్రేలియాకు చెందిన సిడ్నీ కాటన్ అనే విమాన చోదకుడు రంగంలోకి వచ్చాడు. 1948 వేసవిలో అతని విమానాలు కరాచీ నుండి బయలుదేరి, భారతదేశం మీదుగా రాత్రివేళ ఎగిరి, హైదరాబాదు సంస్థానంలో ఆయుధాలు దించాయి. చీకటిలో వాటిని అడ్డుకొనే సాధనాలు అప్పటి భారత వైమానిక దళానికి లేవు. ఈ సాహసాన్ని కథగా చెప్పుకొని మురిసినవారు మనలో ఉన్నారు. చట్టం మాటకు వస్తే అందులో మురియవలసినది లేదు. అనుమతి లేకుండా ఒక రాజ్యం మీదుగా యుద్ధ సామగ్రిని తీసుకొనిపోరాదని చికాగో ఒడంబడిక 35వ అధికరణం స్పష్టంగా చెబుతున్నది. రక్షణ వ్యవహారాలు మునుపటి ఏర్పాటు ప్రకారమే నడుస్తాయని సంతకం చేసినవారు ఏడాది గడవక ముందే చాటుగా తుపాకులు తెప్పించుకోవడం ఆ సంతకానికి కూడా విరుద్ధమే. కాటన్‌కు తరువాత బ్రిటన్‌లో న్యాయస్థానం 200 పౌన్లు జరిమానా వేసింది. రజాకారుల చేతులలో తెలంగాణ పల్లెలు అనుభవించిన బాధ కూడా ఆ రోజుల చరిత్రలో భాగమే. మన పక్షమని దానిని దాటవేయడం న్యాయం కాదు.

అదే తూనికతో రెండవ వైపు కూడా తూచాలి. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సేనలు సరిహద్దు దాటాయి. యథాతథ ఒప్పందం గడువు ముగియడానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉన్నది; మధ్యవర్తుల అధికరణం తాకకుండా అట్లాగే ఉన్నది. ప్యారిస్‌లో సమావేశమైన భద్రతా మండలి 16వ తేదీన ఈ విషయాన్ని చర్చకు స్వీకరించింది. ఎనిమిది ఓట్లు అనుకూలంగా పడ్డాయి. ముగ్గురు తటస్థంగా ఉన్నారు. మరునాడు నిజాము యుద్ధ విరమణ ప్రకటించారు. 18న లొంగుబాటు జరిగింది. 22న ఫిర్యాదును వెనక్కు తీసుకొంటున్నామని నిజాము తంతి ఇచ్చారు. హైదరాబాదు ఒక స్వతంత్ర రాజ్యమే కాదు కనుక ఫిర్యాదు చేసే అర్హత దానికి లేదన్నది భారత ప్రతినిధి రామస్వామి మొదలియారు వాదన. మండలి ఆ వాదన మీద తీర్పు చెప్పలేదు. 1949 మే నెలలో మరొకసారి చర్చించి వదిలివేసింది. పరిశీలనలో ఉన్న విషయాల పట్టికలో మాత్రం ‘హైదరాబాదు ప్రశ్న’ అనే మాట దశాబ్దాల తరబడి అచ్చవుతూ వచ్చింది. సైనిక చర్య అనంతరం జరిగిన హత్యాకాండపై సుందర్‌లాల్ సంఘం ఇచ్చిన నివేదిక, చనిపోయినవారు తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. అది 2013 వరకు వెలుగు చూడలేదు.

ప్యారిస్‌కు వెళ్ళిన హైదరాబాదు ప్రతినిధివర్గంలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆచార్యులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఉన్నారు. 1908లో హైదరాబాదులో జన్మించి, అక్కడి దారుల్ ఉలూమ్‌లోను ఉస్మానియాలోను చదివి, ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అన్న విషయం మీద జర్మనీలోని బాన్‌లో పరిశోధన చేసిన పండితుడాయన. ‘ముస్లిమ్ కండక్ట్ ఆఫ్ స్టేట్’ అన్న ఆంగ్ల గ్రంథం ఆయనకు అప్పటికే పేరు తెచ్చింది. రాజ్యాల మధ్య న్యాయాన్ని చదువుకొన్న మనిషి ఒక రాజ్యం తరఫున న్యాయం అడగటానికి వెళ్ళాడు. వాదన వినేలోగానే ఆ రాజ్యం లేకుండా పోయింది. ఆయన తిరిగి రాలేదు. ఏ దేశపు పౌరుడూ కాకుండా దాదాపు అర్ధ శతాబ్దం ప్యారిస్‌లోనే ఉండి, దివ్య ఖుర్‌ఆన్‌ను ఫ్రెంచి భాషలోనికి అనువదించి, 2002 డిసెంబరు 17న అమెరికాలో కన్నుమూశారు. ఆయన ఆయువులోని చివరి పన్నెండేళ్ళూ ఇరాక్ ఆకాశం మూతపడి ఉన్న పన్నెండేళ్ళే.

ఇరాక్ సంగతికి రావాలంటే, అంతకు ముందు గెలిచినవారు ఓడినవారి ఆకాశాన్ని ఎట్లా కట్టడి చేశారో చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధానంతరం జర్మనీకి సైనిక విమానాలు ఉండరాదని వెర్సాయ్ సంధి 198వ అధికరణం నిషేధించింది. మిత్రరాజ్యాల విమానాలు జర్మనీ మీద స్వేచ్ఛగా ఎగరవచ్చునని, దిగవచ్చునని కూడా ఆ సంధిలో ఉన్నది. ఆ స్వేచ్ఛకు 1923 జనవరి 1 వరకు గడువు పెట్టారు. షరతులు కఠినమైనవే. బలవంతపు సంతకమని జర్మన్లు గొణిగారు. అయినా ఒక కాగితం ఉన్నది, దాని మీద ఓడినవాని సంతకం ఉన్నది, ఒక తేదీ ఉన్నది. 1945లో పద్ధతి వేరు. నాలుగు రాజ్యాలు ఆ ఏడాది జూన్ 5న జర్మనీలో సర్వాధికారం తామే వహిస్తున్నట్లు ప్రకటించాయి. ఆకాశం కూడా ఆ అధికారంలో భాగమైనది. మొదటి ఆధారం ఒడంబడిక, రెండవది ఆక్రమణ. ఆక్రమించినవానికి హక్కులే కాక బాధ్యతలు కూడా ఉంటాయి. జనానికి తిండి, శాంతి భద్రతలు చూడవలసినది అతడే.

1991లో ఇరాక్ కువైట్‌లో ఓడిపోయింది. ఆ దండయాత్ర అన్యాయమైనదని చెప్పడానికి సంకోచించనక్కర లేదు. మార్చి 2న భద్రతా మండలి 686వ తీర్మానంలో, ఇతర దేశాలపై కవ్వింపు చర్యలు మానాలని, యుద్ధ విమానాలను ఎగురవేయడం కూడా ఆ చర్యలలో భాగమని చెప్పింది. మరునాడు సఫ్వాన్‌లో ఉభయ సేనాపతులు కూర్చున్నారు. తమ హెలికాప్టర్లు ఎగరనివ్వాలని ఇరాక్ పక్షం కోరింది. అమెరికా సేనాని ష్వార్జ్‌కోఫ్ సమ్మతించాడు. ఆ హెలికాప్టర్లతోనే సద్దాం ప్రభుత్వం దక్షిణాన తిరగబడిన షీయాలను, ఉత్తరాన కుర్దులను చంపింది. లక్షల మంది కుర్దులు కొండలెక్కి టర్కీ, ఇరాన్ సరిహద్దులకు పారిపోయారు. 1988లో హలబ్‌జాలో విషవాయువు చూసిన జనం మరి. వారి ప్రాణాలు కాపాడవలసిన అవసరం లేదని అనేవాడు మనిషి కాడు. మన చర్చ ఆ అవసరాన్ని గురించి కాదు. ఆ పేరుతో తీసుకొన్న అధికారాన్ని గురించి.

ఏప్రిల్ 3న 687వ తీర్మానం వచ్చింది. ఇది యుద్ధ విరమణ పత్రం. సరిహద్దులు, నష్టపరిహారం, రసాయనిక ఆయుధాలు, 150 కిలోమీటర్లకు మించి పోయే క్షిపణులు, అన్నింటినీ విడివిడిగా ఏకరువు పెట్టిన సుదీర్ఘమైన పత్రమది. ఇరాక్ దానిని అంగీకరించింది. ఇరాక్ తన సొంత ఆకాశంలో తన విమానాలు ఎగురవేయరాదన్న షరతు అందులో ఎక్కడా లేదు. రెండు రోజుల తరువాత వచ్చిన 688వ తీర్మానం ప్రజలపై అణచివేతను ఖండించింది. సహాయ సంస్థలను అనుమతించాలని ఇరాక్‌ను కోరింది. బలప్రయోగానికి అధికారమిచ్చే సమితి శాసనపత్రం ఏడవ అధ్యాయాన్ని అది పేర్కొనలేదు. ఏ దేశపు అంతర్గత వ్యవహారాలలోనూ సమితి జోక్యం చేసుకోరాదన్న నిబంధనను మాత్రం గుర్తు చేసింది. పది ఓట్లతో అది నెగ్గింది. క్యూబా, యెమెన్, జింబాబ్వేలు వ్యతిరేకించాయి. చైనా, భారతదేశం తటస్థంగా ఉన్నాయి.

ఈ తీర్మానాన్ని చేత పట్టుకొని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లు 36వ అక్షాంశానికి ఉత్తరాన ఇరాక్ విమానాలు ఎగరరాదని ప్రకటించాయి. 1992 ఆగస్టు 27 నుండి 32వ అక్షాంశానికి దక్షిణాన కూడా అదే ఆజ్ఞ. భూగోళ పటం తెరచి చూస్తే ఈ గీతల స్వభావం తెలుస్తుంది. కుర్దుల ప్రధాన నగరాలలో ఒకటైన సులైమానియా 36వ గీతకు దిగువన, అనగా రక్షణకు వెలుపల ఉండిపోయింది. బాగ్దాదు ప్రభుత్వం చేతిలోనే ఉన్న మోసుల్ లోపలికి వచ్చింది. దక్షిణాన కర్బలా 32వ గీతకు పైన వెలుపలనే మిగిలింది. రక్షించవలసిన ప్రజలు ఎక్కడున్నారో వెదకి గీసిన గీతలు కావివి.

1996 ఆగస్టు చివర ఇరాక్ సేనలు అర్బీల్ పట్టణంలో ప్రవేశించాయి. కుర్దు పక్షాలలో ఒకటైన బార్జానీ వర్గమే వారిని పిలిచింది. ఆ సేనలు నేల మీద వచ్చాయి, వచ్చినది ఉత్తరానికి. దానికి శిక్షగా అమెరికా దక్షిణాన క్షిపణులు ప్రయోగించి, దక్షిణపు నిషేధ మండలాన్ని 33వ అక్షాంశం వరకు, అనగా బాగ్దాదు పొలిమేరల దాకా పైకి జరిపింది. ఉత్తరాన నేల మీద జరిగిన తప్పుకు దక్షిణాన ఆకాశంలో జరిమానా! ఫ్రాన్స్ ఆ విస్తరణను ఒప్పుకోలేదు. ఆ ఏడాది చివర ఉత్తర మండలం నుండి, 1998 డిసెంబరు బాంబుదాడుల తరువాత దక్షిణ మండలం నుండి కూడా తప్పుకొన్నది. ఇంతలో టర్కీ విమానాలు కుర్దు గెరిల్లాల మీద బాంబులు వేయడానికి ఉత్తర మండలంలోకి వచ్చిపోతూనే ఉన్నాయి. వాటిని ఎవరూ ఆపలేదు. 1994 ఏప్రిల్ 14న అమెరికా యుద్ధ విమానాలు తమ హెలికాప్టర్లనే రెండింటిని శత్రువులవనుకొని కూల్చాయి. 26 మంది మరణించారు. వారిలో కుర్దులు కూడా ఉన్నారు.

వీటికి ఆధారమేమని అడిగినపుడు మూడు రకాల జవాబులు వచ్చాయి. కువైట్ విముక్తికి బలం వాడవచ్చునన్న 1990 నాటి 678వ తీర్మానం ఇంకా సజీవంగా ఉన్నదన్నది ఒకటి. 688లో నేరుగా లేకపోయినా భావంలో ఉన్నదన్నది మరొకటి. ఘోరమైన మానవ విపత్తులో అనుమతి లేకుండానే జోక్యం చేసుకోవచ్చునన్నది, ముఖ్యంగా బ్రిటన్ చెప్పినది, మూడవది. వీటిలో గౌరవించదగినది మూడవదే. అది కనీసం ప్రాణాల మాట ఎత్తింది. కాని విపత్తు వాదం విపత్తు ఉన్నంతకాలమే చెల్లుతుంది. 1991 ఏప్రిల్‌లో దానికి ఉన్న బలం 1999లో, రాడార్ల మీదా తుపాకీ స్థావరాల మీదా తరచుగా బాంబులు పడుతున్న కాలంలో లేదు. సమితి ప్రధాన కార్యదర్శి బుత్రోస్ ఘాలీ 1993 జనవరిలో జరిగిన వైమానిక దాడిని మండలి తీర్మానాలకు అనుగుణమైనదేనని అన్నారు. పదవి దిగిన తరువాత ఆయనే ఈ మండలాలు చట్టవిరుద్ధమని చెప్పారు. కుర్చీలో ఉన్న మనిషి మాటకూ కుర్చీ దిగిన మనిషి మాటకూ ఎంత దూరమో!

మండలి తలచుకొంటే ఇటువంటి అధికారాన్ని స్పష్టంగా వ్రాసి ఇవ్వలేకపోలేదు. బోస్నియా విషయంలో 1992 అక్టోబరులో 781వ తీర్మానంతో సైనిక విమానాలను నిషేధించింది. అది సరిపోక 1993 మార్చి 31న 816వ తీర్మానంతో నిషేధాన్ని బలంతో అమలు చేసే అధికారాన్ని విడిగా ఇచ్చింది. నిషేధానికి ఒక తీర్మానం, అమలుకు మరొకటి. లిబియాకు 2011 మార్చి 17న ఇచ్చిన 1973వ తీర్మానం రెండింటినీ వ్రాతపూర్వకంగా చెప్పింది. ఆ అధికారాన్ని తరువాత ఎంత సాగదీశారన్నది మరొక కథ. భారతదేశం అప్పుడు కూడా తటస్థంగానే ఉన్నది. బోస్నియాకు రెండు సార్లు, లిబియాకు ఒకసారి స్పష్టంగా వ్రాయవలసి వచ్చిన మాట ఇరాక్‌కు మాత్రం వ్రాయకుండానే ఉన్నదని ఎట్లా అనుకోవాలి?

ఇక్కడ అనువాదకునిగా ఒక మాట. మన పత్రికలు దీనిని ‘విమాన నిషేధ మండలం’ అని వ్రాశాయి. ఆ పేరులో ఎవరి విమానాలన్నది లేదు, నిషేధించినది ఎవరన్నదీ లేదు. నిజానికి ఆ పన్నెండేళ్ళూ ఆ ఆకాశంలో విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. ఎగరనివి ఆ దేశపువి మాత్రమే. అరబ్బీ పత్రికలు ‘హజ్ర్’ అన్న పదం వాడాయి. ఫిఖ్ గ్రంథాలలో ఈ పదంతో ‘నిషేధాలు, అనుమతులు’ అని ఒక అధ్యాయమే ఉన్నది. అక్కడ నిషేధం అంటే షరీఅత్‌లో దానికి దలీల్ చూపవలసిందే. తెలుగు లిపిలో అదే విధంగా వ్రాయబడే మరొక అరబ్బీ పదం కూడా ఉన్నది: పసివానినో మతి లేనివానినో తన ఆస్తి తాను వ్యవహరించుకోకుండా కట్టడి చేయడం. బుద్ధి ఉన్న పెద్దవానిని దుబారా చేస్తున్నాడని కట్టడి చేయడానికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ.) ఒప్పుకోలేదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ.) ఒప్పుకొన్నారు గాని ఖాజీ తీర్పు ఉండాలన్నారు. తీర్పు లేకుండానే కట్టడి వర్తిస్తుందన్నవారు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ.). అగ్రరాజ్యాల న్యాయవాదులకు ఈ చివరి అభిప్రాయం తెలిసి ఉంటే సంతోషించేవారేమో. కాని రాజ్యాల మధ్య వ్యవహారంలో అదే ఇమామ్ ముహమ్మద్ ఎంత కచ్చితంగా ఉన్నారో తెలిస్తే ఆ సంతోషం నిలిచేది కాదు.

ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (మరణం హి.శ. 189, క్రీ.శ. 805) వ్రాసిన ‘సియరె కబీర్’ రాజ్యాల మధ్య న్యాయానికి ముస్లిముల మూలగ్రంథం. దానికి ఇమామ్ సరఖ్సీ (రహ్మ.) చెప్పిన వ్యాఖ్యానాన్ని అచ్చువేసినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, హి.శ. 1335–36లో నాలుగు సంపుటాలుగా. డాక్టర్ హమీదుల్లాహ్ దానిని ఫ్రెంచిలోనికి తెచ్చారు. ఒప్పందం కుదుర్చుకొన్న శత్రువుతో దానిని ముగించాలనుకొంటే ముందుగా బహిరంగంగా చెప్పాలని, ఆ కబురు వారి మారుమూలలకు చేరేటంత వ్యవధి ఇవ్వాలని, అంతవరకు వారి మీదికి పోరాదని హనఫీ ధర్మవేత్తలు వ్రాశారు. దీనికి మూలం అన్‌ఫాల్ సూరా 58వ ఆయతు. ద్రోహం చేస్తారన్న భయం ఉన్నప్పుడు సైతం ఒప్పందాన్ని ఇరువురికీ సమానంగా తెలిసేటట్లు త్రోసిపుచ్చాలే గాని లోలోపల విరిచివేయరాదన్నది దాని భావం.

అమీర్ ముఆవియా (రజి.) కాలంలో రోమన్లతో గడువు గల సంధి ఉండేది. గడువు ముగిసిన వెంటనే దాడి చేయాలని ఆయన ముందుగానే సేనను సరిహద్దు వైపు నడిపించారు. సంధి ఉన్న కాలంలో ఒక్క బాణమైనా వేయలేదు. నడిచినది తన నేల మీదనే. అయినా అమ్ర్ బిన్ అబసా (రజి.) గుర్రం మీద వచ్చి, మాట నిలుపుకోవాలే గాని ద్రోహం తగదని ఎలుగెత్తి చెప్పి, ఆ విషయమై దైవప్రవక్త (సల్లం) నుండి విన్న హదీసును వినిపించారు. ముఆవియా (రజి.) సేనతో వెనుదిరిగారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ వృత్తాంతం ఉన్నది. 1948 నవంబరు 29 దాకా గడువున్న ఒప్పందం పక్కన దీనిని పెట్టి చూస్తే, ఆయుధాలు చాటుగా దించుకొన్నవారికీ గడువులోపల సరిహద్దు దాటినవారికీ కూడా జవాబు దొరుకుతుంది.

షరతులను ఎట్లా చదవాలన్నదానికి హుదైబియా సంధి ఉన్నది. మక్కా నుండి పారిపోయి వచ్చినవారిని తిప్పి పంపాలన్న షరతు ముస్లిములకు ఎంత చేదైనదో తెలిసినదే. సంకెళ్ళతో వచ్చిన అబూ జందల్ (రజి.)ను దైవప్రవక్త (సల్లం) తిప్పి పంపారు. తరువాత స్త్రీలు వలస వచ్చినపుడు మాత్రం, ముమ్‌తహినా సూరా 10వ ఆయతు ప్రకారం, వారిని పంపలేదు. సంధి పత్రంలో ఉన్న పదం ‘పురుషుడు’ అని, స్త్రీలు అందులో చేరలేదని పలువురు పండితులు వివరించారు. వ్రాసినది ఎంత చేదైనా పాటించాలి. వ్రాయనిదానిని భావంలో ఉన్నదని చేర్చరాదు. 687వ తీర్మానాన్ని ఇరాక్ పాటించి తీరవలసిందే. అందులో లేని ఆకాశాన్ని దానికి అతికించే హక్కు ఎవరికీ లేదు.

ఓడినవారి విషయంలో సమర్‌ఖండ్ వ్యాజ్యం నాకు అన్నిటికంటె గొప్పదిగా తోస్తుంది. క్రీ.శ. 712లో సేనాపతి ఖుతైబా ఆ నగరాన్ని పట్టుకొన్నాడు. కొన్నేళ్ళకు హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ.) ఖలీఫా అయినపుడు నగరవాసులు వచ్చి, ఖుతైబా తమను మోసగించి నగరంలోకి ప్రవేశించాడని ఫిర్యాదు చేశారు. ఖలీఫా ఒక ఖాజీని నియమించి విచారించమన్నారు. ఖాజీ, అరబ్బు సేన నగరం విడిచి తన శిబిరానికి పోవాలని, ఆపైన సమాన స్థాయిలో సంధియో యుద్ధమో తేల్చుకోవాలని తీర్పు చెప్పాడు. నగరవాసులు యుద్ధం కోరలేదు. ఉన్న స్థితికే ఒప్పుకొన్నారు. తబరీ, బలాజురీ ఇద్దరూ దీనిని వ్రాశారు. వివరాలలో కొద్ది తేడాలున్నాయి. గెలిచిన సేన, ఓడిన నగరం, గెలిచినవారు నియమించిన న్యాయమూర్తి. తీర్పు మాత్రం ఓడినవారి పక్షాన. 1948లో ప్యారిస్‌లో కూర్చున్న పదకొండు మంది గాని, 1991 తరువాత న్యూయార్క్‌లో కూర్చున్న పదిహేను మంది గాని ఇటువంటి విచారణ వరకు పోలేదు.

ఇవన్నీ మన గ్రంథాలలోని మాటలు, ఇతరులను కట్టివేయవని ఎవరైనా అనవచ్చును. అంతర్జాతీయ న్యాయస్థానపు శాసనం 38వ అధికరణం ‘నాగరిక జాతులు’ అంగీకరించిన సాధారణ సూత్రాలను కూడా చట్టానికి ఆధారంగా లెక్కించింది. పదకొండు వందల ఏళ్ళుగా చదువుతూ వచ్చిన ఒక న్యాయశాస్త్రం గల జాతులు ఆ లెక్కలోకి వస్తాయో రావో అన్నవారే చెప్పాలి. ఇంకొక సంగతి. భూమికి యజమాని అయినవాడు దాని పైభాగానికీ లోపలి భాగానికీ కూడా యజమాని అని ఉస్మానీ ప్రభుత్వపు న్యాయ స్మృతి మజల్లా 1194వ అధికరణం చెబుతుంది. ఇరాక్‌లో 1953లో కొత్త పౌర స్మృతి అమలులోకి వచ్చేవరకు న్యాయస్థానాలు నడచినది ఆ మజల్లా ప్రకారమే. బాగ్దాదులోని ఒక సాధారణ గృహస్థునికి తన ఇంటి కప్పు మీద ఉన్న హక్కును వివరించిన చట్టం అది.

2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్‌లో ప్రవేశించడంతో నిషేధ మండలాలు ముగిశాయి. మే 22న భద్రతా మండలి 1483వ తీర్మానంలో ఆ రెండు దేశాలను ఆక్రమించిన శక్తులుగా గుర్తించి, ఆక్రమణ చట్టం విధించే బాధ్యతలను వాటికి గుర్తు చేసింది. పన్నెండేళ్ళుగా ఆ ఆకాశంలో ఎగురుతున్నవారి అధికారానికి ఒక పేరు, ఆ పేరుతో వచ్చే బాధ్యతలు వ్రాతపూర్వకంగా ఏర్పడినది ఆనాడే.